విచారణ లేకుండా రెండు ఇంక్రిమెంట్లు ఆపేశారు: అప్పీలు ఎక్కడ, ఎలా వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టెక్కలి దగ్గర మండల స్థాయి ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు మీరు. వసూలైన రూ. 18,600 ట్రెజరీకి 23 రోజులు ఆలస్యంగా జమ చేశారని ఛార్జి మెమో ఇచ్చారు. మీరు రెండు పేజీల సంజాయిషీ రాసిచ్చారు. ఎంక్వైరీ ఆఫీసరును వేయలేదు, సాక్షుల్ని పిలవలేదు. ఆ తర్వాత "సంజాయిషీ సంతృప్తికరంగా లేదు, గత ప్రవర్తనను కూడా దృష్టిలో ఉంచుకుని" అంటూ రెండు వార్షిక ఇంక్రిమెంట్లను క్యుములేటివ్ ఎఫెక్టుతో, అంటే ఆ కోత ఎప్పటికీ ఉండిపోయేలా, నిలిపేస్తూ జిల్లా అధికారి ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు) ఇచ్చారు. అవి మీ చేతికొచ్చి ఏడు వారాలైంది. ఒకరు నేరుగా హైకోర్టుకు వెళ్లమంటున్నారు, ఇంకొకరు నాయకుడి చేత చెప్పించుకోమంటున్నారు. ఏం చేయాలి?

సూటిగా చెప్తున్నాను: ముందు అప్పీలు వేయండి. గడువు ఇంకా ఉంది, మీ వైపు బలమూ ఉంది. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ సీసీఏ (క్లాసిఫికేషన్, కంట్రోల్, అప్పీల్) రూల్స్, 1991 ప్రకారం ఉత్తర్వు కాపీ అందిన రోజు నుంచి మూడు నెలల్లో అప్పీలు వేయాలి. ఉత్తర్వు మీద ఉన్న తేదీ నుంచి కాదు, మీరు సంతకం పెట్టి తీసుకున్న తేదీ నుంచి. ఏడు వారాలు పోయాయి కాబట్టి మీకింకా సుమారు ఆరు వారాలున్నాయి. చివరి వారం దాకా ఆగొద్దు. రికార్డు కాపీలు చేతికి రావడానికే నెల పడుతుంది.

మీ బలం ఎక్కడుందో చెప్తాను. క్యుములేటివ్ ఎఫెక్టు లేకుండా ఇంక్రిమెంటు ఆపితే అది చిన్న శిక్ష. దానికి రూల్ 22 చాలు: మెమో ఇచ్చి, సంజాయిషీ తీసుకుని ఉత్తర్వు ఇచ్చేయొచ్చు. క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆపితే అది పెద్ద శిక్ష. దానికి రూల్ 20 ప్రకారం విచారణ జరిపి తీరాలి: అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా, విచారణాధికారి, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం, నివేదిక కాపీ, దాని మీద మీ జవాబు. కుల్వంత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1990లోనే ఈ మాట తేల్చింది. అది పంజాబ్ రూల్స్ మీద వచ్చిన తీర్పు, అందులోనూ రెండు ఇంక్రిమెంట్లే. పంజాబ్ రూల్సులో ఈ తేడా విడిగా రాసి లేకపోయినా కోర్టు దాన్ని పెద్ద శిక్షగానే చూసింది. మన రూల్ 9లోనైతే రెండింటినీ వేర్వేరుగానే రాశారు.

రెండు పదాలకే ఇంత తేడానా అనుకునేవాళ్ల కోసం లెక్క వేసి చూపిస్తాను. ఇంక్రిమెంటు నెలకు రూ. 800 అనుకోండి. క్యుములేటివ్ లేకుండా రెండింటిని ఆపితే మొదటి ఏడు 9,600, రెండో ఏడు 19,200, మొత్తం రూ. 28,800 పోతుంది. మూడో ఏడు జీతం మళ్లీ తన చోటికి వస్తుంది. క్యుములేటివ్‌తో ఆపితే రెండో ఏడు నుంచి రిటైరయ్యే దాకా నెలనెలా రూ. 1,600 తక్కువే. ఇరవై ఏళ్ల సర్వీసు మిగిలి ఉంటే మూలవేతనంలోనే రూ. 3,74,400 పోతుంది. దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ, ఆఖరికి పెన్షన్, గ్రాట్యుటీ కూడా తగ్గుతాయి. పద్దెనిమిది వేల ఆలస్యానికి మూడున్నర లక్షల కోత. చాలామంది "రెండు ఇంక్రిమెంట్లే కదా, పోనీ" అని సరిపెట్టుకుంటారు. దయచేసి మీరు అలా వదిలేయకండి.

అయితే ఒక గొయ్యి ఉంది, ముందు అది చూసుకోండి. మీ ఛార్జి మెమో మొదటి పేరాలో ఏ రూలు రాశారు? రూల్ 22 అని ఉంటే విషయం తేలిక. చిన్న శిక్షకు మెమో ఇచ్చి పెద్ద శిక్ష వేశారు, అంతే. రూల్ 20 అని ఉంటే మీ సంజాయిషీని మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదవండి. ఉద్యోగి అభియోగాన్ని ఒప్పుకుంటే సాక్షులతో పనిలేకుండా ముగించే వీలు రూల్ 20లోనే ఉంది. మన ఆఫీసుల్లో సంజాయిషీ చివర "ఏదైనా పొరపాటు జరిగి ఉంటే పెద్ద మనసుతో మన్నించగలరు" అని రాయడం అలవాటు. మర్యాద కోసం రాసిన ఆ వరుసనే పట్టుకుని "ఉద్యోగి తప్పు ఒప్పుకున్నాడు" అని ఫైల్లో నోట్ పెట్టేస్తారు. మీ సంజాయిషీలో ఆ వరుస ఉన్నా కంగారు పడొద్దు. ఒప్పుకోలు స్పష్టంగా, షరతులు లేకుండా ఉండాలనీ, అలా లేకపోతే విచారణ తప్పదనీ జగదీశ్ ప్రసాద్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఆలస్యం జరిగింది, కారణం ఇదీ" అని రాయడం వేరు, "డబ్బు వాడుకున్నాను" అని రాయడం వేరు. ఈ తేడాను అప్పీల్లో ఒక పేరాగా పెట్టండి. వాళ్లు ఎత్తే దాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి.

రెండో లోపం ఆ "గత ప్రవర్తన" అన్న మాట. శిక్ష పెంచడానికి పాత రికార్డును వాడుకోదలిస్తే ఆ సంగతి ముందే ఉద్యోగికి తెలపాలి. మాంచే గౌడ కేసులో 1963లో వచ్చిన తీర్పు ఇది. మెమోలో ఆ ఊసే లేకుండా ఉత్తర్వులో హఠాత్తుగా వచ్చిందంటే మీకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వనట్టే. మూడోది "సంజాయిషీ సంతృప్తికరంగా లేదు" అన్న ఒక్క వరుస. ఎందుకు లేదు? మీరు చెప్పిన ఏ కారణాన్ని, ఏ ఆధారంతో కాదన్నారు? అది లేకపోతే ఉత్తర్వులో బుర్ర పెట్టి ఆలోచించిన జాడ లేనట్టే. అయితే ఈ మూడో లోపం ఒక్కదాన్నే నమ్ముకుంటే అప్పీలు నిలబడదు. మొదటి రెండింటికి తోడుగా పెట్టుకోండి.

ఇప్పుడు కాగితాలు. ఈ వారమే మీ ఆఫీసుకు, జిల్లా ఆఫీసుకు వేర్వేరుగా దరఖాస్తులు పెట్టి ఇవి అడగండి: ఛార్జి మెమో అనుబంధాలతో సహా, మీ సంజాయిషీ, ప్రాథమిక విచారణ ఏదైనా చేయించి ఉంటే దాని నివేదిక, మీ సంజాయిషీ వచ్చిన తర్వాత ఫైల్లో నడిచిన నోట్, సీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ జమాఖర్చుల ఆన్‌లైన్ వ్యవస్థ) చలాను కాపీ, ఆ 23 రోజుల క్యాష్ బుక్ పేజీలు. మామూలు దరఖాస్తుతో పాటు సమాచార హక్కు కింద కూడా ఒకటి వేయండి. జిల్లా ఆఫీసుకైతే రుసుము పది రూపాయలు, జవాబుకు ముప్పై రోజుల గడువు. మీ ఫైలు మీకు ఇవ్వడానికి సాధారణంగా అడ్డు ఉండదు. తోటి ఉద్యోగికి ఇదే తప్పుకు ఏ శిక్ష వేశారో అడిగితే మాత్రం వ్యక్తిగత సమాచారమని తిరస్కరించవచ్చు. గిరీశ్ దేశ్‌పాండే కేసులో 2012లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. అందుకని "ఫలానావారికి తక్కువ వేశారు" అన్న వాదన మీద బరువంతా పెట్టకండి.

క్యాష్ బుక్ పేజీలు ఎందుకు అడగమన్నానో వివరంగా చెప్తాను, మీ కేసుకు అసలు ప్రాణం అక్కడే ఉంది. ప్రతి పేజీ అడుగున ఆ రోజు ముగింపు నిల్వ ఉంటుంది, పక్కన డ్రాయింగ్ అధికారి (ఆఫీసు డబ్బు లెక్కలకు బాధ్యుడైన అధికారి) సంతకం ఉంటుంది. ఆ 23 రోజులూ రూ. 18,600 ముగింపు నిల్వలో కనబడుతూ, కింద అధికారి సంతకాలు ఉన్నాయా చూడండి. ఉంటే డబ్బు పెట్టెలోనే ఉందని ఆఫీసు రికార్డే చెప్తోంది. అప్పుడు మీ మీద మిగిలేది ఆలస్యం ఒక్కటే, తాత్కాలికంగా సొంతానికి వాడుకున్నారన్న మాట నిలబడదు. వసూలు రసీదు పుస్తకంలో ఉండి క్యాష్ బుక్‌లో ఆ రోజున ఎక్కకపోతే, లేదా సంతకాలు లేకపోతే, మీ పరిస్థితి కష్టమే. అది ముందే తెలుసుకోవడం మంచిది, అప్పీల్లో ఏది నొక్కి చెప్పాలో దాన్ని బట్టే ఉంటుంది. సెలవు రోజులు, సర్వరు పనిచేయని రోజులు, మిమ్మల్ని వేరే డ్యూటీకి పంపిన రోజులు ఉంటే తేదీ వారీగా ఒక పట్టిక వేసుకోండి. డ్యూటీ ఉత్తర్వు కాపీ ఉంటే జతచేయండి.

ఇంకో సంగతి, పాత శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ప్రత్యేకం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. ఆ పాత కాలపు ఆరోపణలైతే సర్వీసు రిజిస్టరు ఒక జిల్లాలో, అసలు ఫైలు ఇంకో జిల్లాలో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లు రెండు జిల్లా ఆఫీసుల్లోనూ దరఖాస్తు పెట్టాలి. శిక్ష వేసిన అధికారికి మీ పోస్టు మీద ఆ అధికారం ఇప్పుడు ఉందా అన్నది కూడా చూసుకోవాలి. టెక్కలి శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది కాబట్టి మీకు ఈ చిక్కు లేదు.

అప్పీలు ఎవరికి? మీరు శాఖ పేరు రాయలేదు. ఉత్తర్వు ఇచ్చిన అధికారికి నేరుగా పైన ఉన్న అధికారే సాధారణంగా అప్పీలు అధికారి. కొన్ని శాఖల్లో అది ప్రాంతీయ అధికారి, కొన్నింట్లో శాఖాధిపతి. ఉత్తర్వే శాఖాధిపతి ఇచ్చి ఉంటే ప్రభుత్వానికి వెళ్లాలి. చాలా ప్రొసీడింగ్స్ చివర అప్పీలు ఎవరికో రాస్తారు. రాయకపోతే జిల్లా ఆఫీసు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడగండి. అప్పీలును ఆ అధికారి పేరనే రాయండి, శిక్ష వేసిన అధికారికి ఒక కాపీ ఇవ్వండి. ఆయన తన వ్యాఖ్యలు, రికార్డు జతచేసి పైకి పంపాలి. చాలా అప్పీళ్లు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. అందుకని ఒక ప్రతి మీ అధికారి ద్వారా తపాలా సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. అడ్వాన్స్ కాపీ నేరుగా అప్పీలు అధికారికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ అప్పీలు కాదు. అక్కడ ఇచ్చాను కదా అని గడువు దాటించుకున్నవాళ్లకు తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

రాసే తీరు ముఖ్యం. నాలుగైదు పేజీలు మించొద్దు. మొదట తేదీల పట్టిక: మెమో ఎప్పుడు, సంజాయిషీ ఎప్పుడు, ఉత్తర్వు ఎప్పుడు, అది చేతికి ఎప్పుడొచ్చింది. తర్వాత కారణాలు. రూల్ 37 అప్పీలు అధికారిని మూడు ప్రశ్నలు చూడమంటుంది: ఒకటి, పద్ధతి పాటించారా, పాటించకపోతే దానివల్ల అన్యాయం జరిగిందా; రెండు, తేల్చిన విషయానికి రికార్డులో ఆధారం ఉందా; మూడు, శిక్ష తప్పుకు తగినట్టుందా. మీ అప్పీలునూ ఆ మూడు భాగాలుగానే రాయండి. అప్పుడు ఏ ఒక్కదాన్నీ దాటవేయడం ఆ అధికారికి కుదరదు. మొదటి భాగంలో ఒక పేరా ఇలా ఉండొచ్చు:

"ఉదహరించిన ఉత్తర్వులో నాకు విధించినది రూల్ 9 ప్రకారం పెద్ద శిక్ష. దీనికి రూల్ 20 ప్రకారం విచారణ తప్పనిసరి. విచారణాధికారిని నియమించలేదు, ఒక్క సాక్షినీ విచారించలేదు, విచారణ నివేదిక ఏదీ నాకు అందలేదు. నా సంజాయిషీలో ఆలస్యానికి కారణాలు చెప్పాను తప్ప అభియోగాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి ఈ ఉత్తర్వు చెల్లదు."

చివర మూడు అభ్యర్థనలు వరుసగా పెట్టండి: ఉత్తర్వు రద్దు చేయాలి, అది కుదరదనుకుంటే సెన్షురుకో (రాతపూర్వక మందలింపు), క్యుములేటివ్ ఎఫెక్టు లేని ఒక ఇంక్రిమెంటు నిలుపుదలకో తగ్గించాలి, అప్పీలు తేలే దాకా అమలు ఆపాలి. ఈ మూడోది మర్చిపోతారు చాలామంది. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు. వ్యక్తిగతంగా వినమని కూడా ఒక వరుస రాయండి. కారణాలు చెప్పకుండా "అప్పీలు తిరస్కరించడమైనది" అంటే చాలదని 1986లో రామ్ చందర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది రైల్వే ఉద్యోగి కేసే, అయినా సూత్రం అందరికీ పనికొస్తుంది. అధికారి మీద కక్ష, కులం, రాజకీయం లాంటి మాటలు రుజువు లేకుండా రాయొద్దు. అమర్యాదకరమైన భాష ఉంటే అప్పీలు వెనక్కి పంపే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

రెండు ప్రమాదాలు తెలిసి ఉండాలి. ఒకటి, అప్పీలు అధికారికి శిక్ష తగ్గించే అధికారమే కాదు, పెంచే అధికారమూ ఉంది. పెంచాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, విచారణ జరగకపోతే జరిపించాలి. మీలాంటి కేసులో ఇది అరుదు, డబ్బు వాడుకున్న జాడ రికార్డులో ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి. రెండోది, పద్ధతి లోపంతో ఉత్తర్వు కొట్టేస్తే కథ అక్కడితో అయిపోదు. "రూల్ 20 ప్రకారం మళ్లీ విచారణ జరపండి" అని వెనక్కి పంపొచ్చు. అందుకే రెండో, మూడో భాగాల్ని కూడా గట్టిగా రాయమంటున్నాను. వెనక్కి పంపితే ఏళ్లు పడుతుంది, ఈలోగా ప్రమోషన్ ప్యానెల్లో మీ పేరు పక్కన "కేసు పెండింగు" అని ఉంటుంది. శిక్ష తగ్గించి అక్కడితో ముగించడానికి అప్పీలు అధికారికి కారణాలు మీరే అందించాలి.

హైకోర్టు మాట. మనకు పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయ్యాక రాష్ట్ర ఉద్యోగుల కేసులు అమరావతిలోని హైకోర్టుకే వెళ్తున్నాయి. ఇప్పుడే వెళ్తే "అప్పీలు ఉండగా ఇక్కడికెందుకు?" అన్న ప్రశ్న మొదటే వస్తుంది. సహజ న్యాయం పాటించలేదని చెప్పి రిట్ వేయొచ్చు, అది పూర్తిగా మూసుకుపోయిన దారి కాదు. కానీ అప్పీలు వేసుకోమని పంపిస్తే ఖర్చూ, కాలమూ రెండూ పోతాయి. కోర్టు అప్పీలు అధికారిలా సాక్ష్యాన్ని మళ్లీ తూచదు. 1963లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన శ్రీరామారావు కేసులో, 1995లో బి.సి. చతుర్వేది కేసులో ఇదే చెప్పారు. పద్ధతి తప్పిందా, అసలు ఆధారమే లేదా, శిక్ష మనస్సాక్షిని కలవరపెట్టేంత దారుణంగా ఉందా, ఇవే చూస్తారు. అంటే వాస్తవాల మీద మీ వాదన పూర్తిగా వినే చివరి చోటు అప్పీలే. అప్పీలు వేసి ఆరు నెలలైనా కదలకపోతే "ఇన్ని వారాల్లో తేల్చండి" అన్న ఆదేశం కోసం రిట్ వేయొచ్చు. ఇది చిన్న కేసు, తేలిగ్గా వచ్చే ఆదేశం.

అప్పీలు ఓడిపోతే రూల్ 40 కింద రివిజన్ (ఉత్తర్వును పైవాళ్లు మళ్లీ పరిశీలించడం) ఉంది. రూల్ 41 కింద రివ్యూ వేరు: ఉత్తర్వు ఇచ్చిన నాటికి దొరకని, కేసు తీరునే మార్చగల కొత్త ఆధారం వస్తే ప్రభుత్వం చేసేది అది. మన దగ్గర ప్రతి అర్జీనీ "రివ్యూ పిటిషన్" అనేస్తారు. పేరు తప్పు రాస్తే ఫైలు తప్పు సెక్షన్‌కి పోతుంది. ఇవి ముగిశాక అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ పోతే కోర్టుకు వెళ్లే గడువు పెరగదు. 1989లో ఎస్.ఎస్. రాథోర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నాయకుడి సిఫారసు ఉత్తరం కూడా అంతే. పైగా బయటి ఒత్తిడి తేవడం ప్రవర్తనా నియమాలకు విరుద్ధం, దానికి ఇంకో మెమో రావచ్చు.

విచారణ జరిగి శిక్ష పడినవాళ్లు చూసుకోవాల్సినవి వేరు. విచారణ నివేదిక కాపీ శిక్షకు ముందే ఇచ్చారా? హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం ఇది తప్పనిసరి అంది, అయితే ఇవ్వకపోవడం వల్ల మీకు ఏం నష్టం జరిగిందో మీరు చూపించాలి. విచారణాధికారి రుజువు కాలేదన్నా పై అధికారి రుజువైందన్నారా? అలాగైతే విభేదించే కారణాలు ముందే మీకు పంపి జవాబు తీసుకోవాలి, 1998 కుంజ్ బిహారీ మిశ్రా కేసు. సాక్షిని పిలవకుండా ఎఫ్‌ఐఆర్, ప్రాథమిక నివేదిక కాగితాలు మాత్రమే పెట్టి రుజువైందన్నారా? 2008 రూప్ సింగ్ నేగి కేసు చూడండి.

కేంద్ర ఉద్యోగులకు, తపాలా శాఖలో, రైల్వేలో పనిచేసేవాళ్లకు మూడు నెలలు కాదు, నలభై అయిదు రోజులే. విద్యుత్ పంపిణీ సంస్థకూ, బ్యాంకులకూ సొంత రెగ్యులేషన్లు ఉంటాయి, గడువు వాటిలోనే చూసుకోవాలి.

మీరు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. సర్వీసు రిజిస్టరులో ఈ శిక్షను ఎలా ఎక్కించారో వెళ్లి చూడండి. ప్రొసీడింగ్స్‌లో ఒకటి ఉండి రిజిస్టరులో ఇంకోటి పడడం మామూలే. ఇంక్రిమెంటు ఏ తేదీ నుంచి ఆపారో రాసుకోండి. తర్వాత మెమోలో ఏ రూలు ఉందో, మీ సంజాయిషీ చివరి నాలుగు వరుసల్లో ఏముందో పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. అప్పీలు మొదటి పేరా ఎలా మొదలుపెట్టాలో ఆ రెండూ చూశాక చెప్తాను.